వెళ్లొస్తా అనే ఫంక్షన్

తెర మీద ఎర్ర అక్షరాలు జారిపోతున్నాయి. ఒక గీత చదువుదామని చూపు ఆనించేలోపు అది పైకి పోతోంది, దాని వెనక వంద వచ్చేస్తున్నాయి. ప్రతి గీతా ఒక తప్పు. హాలు వెనక కుర్చీల్లో అధికారులు, విలేఖరులు, ఫిషింగ్ హార్బరు నుంచి పిలిపించిన బోటు యజమానులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. తెర కింద మూలన ఒక అంకె ఉంది. అది తగ్గుతోంది. వేలల్లోంచి వందల్లోకి, వందల్లోంచి పదుల్లోకి దిగింది.

"ఇంకాసేపే. కంగారు పడకండి," అన్నాడు డాక్టర్ ఉమాకాంతం. కంగారు పడుతున్నవాడు ఆ హాలు మొత్తంలో ఆయనొక్కడే.

అంకె సున్నా అయింది. ఎరుపంతా పోయి ఒకే ఒక్క పచ్చగీత మిగిలింది. "బిల్డ్ పూర్తయింది. తప్పులు లేవు." అంతే, చప్పట్లు మోగాయి. ఒక బోటు యజమాని ఈల కూడా వేశాడు.

ఇది మీకు తెలిసిన విశాఖ కాదు. ఇంకో పాతికేళ్లు ముందుకొచ్చి చూడండి. సముద్రం పైకొచ్చి పాత బీచి రోడ్డును మింగేసింది. ఇప్పుడక్కడ కొండరాళ్ల గోడ, గోడ మీద డ్రైవర్ లేని బస్సులు. ఐస్ ఫ్యాక్టరీలో మనుషులు లేరు, వేలంపాట పాడేది మైకులో మర. వేట మాత్రం మారలేదు. చేప ఇంకా వలకే పడాలి, వల వెయ్యడానికి ఇంకా మనిషే వెళ్లాలి. ఆ మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకి కునుకు పట్టదు. అదీ మారలేదు.

అందుకే ప్రతి బోటు మీదా ఒక పెట్టె ఉంటుంది. దాని పేరు కావలి. బోటు ఎక్కడుందో ఒడ్డుకి చెబుతుంది, తుపాను వస్తుంటే బోటుకి చెబుతుంది, హార్బరుకి దారి చూపిస్తుంది. పాత వైర్‌లెస్ సెట్లు ఎప్పుడో పీకేశారు. కావలి ఉండగా అవెందుకన్నారు. ఆ పెట్టెల్ని కనిపెట్టుకుని ఉండే ఆఫీసు సాగర కావలి కేంద్రం. మన ప్రయోగం జరిగింది అందులోనే, కావలి కెర్నెల్ మీద.

ఇక కెర్నెల్ అంటే ఏమిటి? ఉండండి, పారిపోకండి, ఇది అంత బ్రహ్మవిద్యేం కాదు. ఉమ్మడి కుటుంబంలో ఒక పెద్దావిడ ఉంటుంది చూడండి. స్నానానికి ముందెవరు, పొయ్యి దగ్గరికి ఎవరు, ఎవరికెంత పెరుగు, అన్నీ ఆవిడే తేలుస్తుంది. ఆవిడ ఒక్కపూట మంచం పడితే ఇల్లు సంతైపోతుంది. యంత్రంలో ఆ పెద్దావిడే కెర్నెల్. దాన్ని మనుషులు ఒక భాషలో రాస్తారు, అదే కోడు; అందులో ఒక్కో పనికి పెట్టుకునే పేరు ఫంక్షన్. చిప్పుకి అర్థమయ్యే భాషలోకి దాన్ని కంపైలర్ మారుస్తుంది, ఆ మార్చడమే బిల్డ్. కంపైలర్ పరమ చాదస్తం. ఒక్క చుక్క తప్పినా, తెలియని మాట ఒక్కటి కనిపించినా "నాకు అర్థం కాలేదు" అని మొత్తం పని ఆపేస్తుంది. అదే బిల్డ్ ఎర్రర్. చిప్పు మారితే, కంపైలర్ మారితే, నిన్నటిదాకా శుభ్రంగా ఉన్న కోడులోనే వేల తప్పులు పుట్టుకొస్తాయి. వాటిని సరిచెయ్యడానికి వెనకటికి ఇంజినీర్లు నెలల తరబడి తిండీ తిప్పలూ మానేసి కూర్చునేవారు.

ఉమాకాంతం కనిపెట్టిన యంత్రం ఆ గోల లేకుండా చేసింది. పేరు సవరణి. తప్పు చూస్తుంది, కారణం వెతుకుతుంది, ఒక మార్పు చేసి మళ్లీ బిల్డ్ చేస్తుంది. కుదరకపోతే ఇంకో మార్పు. తప్పులు సున్నా అయ్యేదాకా ఆగదు. దానికి తెలిసిన ధర్మం అదొక్కటే. ఆ కోడు ఎవరి కోసం, ఎందుకోసం అన్న ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు, అది కూడా ఎవర్నీ అడగలేదు.

చప్పట్లు కొట్టినవాళ్లలో నూకరత్నం కూడా ఉంది. కావలి కెర్నెల్ మొదట రాసింది ఆవిడే. హార్బరు పక్క పేటలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, ఆ కేంద్రంలోనే పెద్ద ఇంజినీరైంది. మొగుడు పోలారావు మాత్రం సముద్రాన్ని వదల్లేదు. "బంగారుతల్లి" అనే బోటుకి సరంగు. సరంగంటే బోటు నడిపేవాడు, నలుగురైదుగురి ప్రాణాలు చేతిలో ఉన్నవాడు. ఎర్ర గీతలు జారిపోతున్నప్పుడు నూకరత్నానికి వాటి మధ్యలో తను రాసిన మాట ఒకటి కనపడింది. పోతున్న బస్సు కిటికీలో చుట్టాన్ని చూసినట్టు నవ్వుకుంది. ఏ గీతలో చూసిందీ, అక్కడ ఏం రాసుందీ చదవలేదు. చదివే వ్యవధి ఎక్కడిది?

ప్రయోగం అయ్యాక ఉమాకాంతం ఆవిడ దగ్గరికొచ్చాడు.

"రత్నంగారూ, మీ కోడులో చిత్రమైన మాటలున్నాయి. వెళ్తా, వెళ్లొస్తా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఫంక్షన్లు! ఏమిటవి?"

"మా ఇంటి మాటలు సార్," అంది సిగ్గుపడుతూ. "ఎండ లేక బ్యాటరీ తగ్గిపోతే కావలి పడుకుంటుంది. కాసేపటికి దానంతటదే లేచి ఒడ్డుకి కబురంపి మళ్లీ పడుకుంటుంది. పోయి తిరిగొస్తుంది కాబట్టి దానికి వెళ్లొస్తా అని పేరు పెట్టాను. బోటు ఒడ్డుకి చేరాక పెట్టెని పూర్తిగా ఆర్పెయ్యడానికి వెళ్తా. ఆరిపోయినదాన్ని మనిషే మళ్లీ మీట నొక్కి లేపాలి."

"బాగుంది బాగుంది. సరే, నేను వెళ్తాను మరి."

"అయ్యో, అలా అనకండి సార్!"

ఆయన తెల్లబోయాడు. చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగినవాడు, ఇంగ్లీషులోనే వచ్చిపోయే మనిషి.

"వెళ్తాను అనకూడదు. వెళ్లొస్తాను అనాలి. సముద్రం మీద బతికేవాళ్లం, మాకు మరీ పట్టింపు."

"ఓహో! అయితే వెళ్లొస్తాను," అని నవ్వి వెళ్లాడు.

ఆ పేర్ల వెనక కథ కూడా చెప్పాలి. ఆ పెట్టె మొట్టమొదటి నమూనాని నూకరత్నం ఇంట్లోనే బిగించింది, పోలారావు బోటు కోసం. అతను పక్కన కూర్చుని చేపల పులుసూ అన్నం తింటూ అడిగాడు.

"ఏటి రాస్తన్నావు?"

"పెట్టె పడుకునేముందు వెళ్లొస్తా అని చెప్తుంది మావా."

"ఎల్లొత్తా అనాల. మన మాటకి 'వ' ఎక్కడిదే? పెట్టెక్కూడా సదువుకున్నోళ్ల బాసే నేర్పీసినావా?" అని పడీ పడీ నవ్వాడు. "మరి ఆరిపోయినప్పుడు ఏటంటాది?"

"వెళ్తా అంటుంది."

నవ్వు ఆపేశాడు. వంటింట్లోంచి అతని తల్లి అసిరమ్మ బయటికొచ్చేసింది. "ఒలే, నోటితో అనకూడని మాట పెట్టిలో ఎట్టినావేటే? తీసీ!"

"అది ఒడ్డుకొచ్చాకే అంటుందత్తా. ఇంటికొచ్చాక ఎలా ఆరితే ఏముంది?" అని సర్దిచెప్పింది నూకరత్నం. అసిరమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. తర్వాత కొత్త పెట్టెలు ఎన్ని వచ్చినా పోలారావు ఆ మొదటిదాన్ని మార్చనివ్వలేదు. బ్యాటరీ ముసలిదైపోయిందని నూకరత్నం పోరితే, "నీ సేత్తో సేసింది మారస్తానేటి? నువ్వు ముసిలైపోతే నిన్నూ మారసాలా?" అనేవాడు. ఆ మాటకి ఏ పెళ్లామైనా ఇంకేమంటుంది!

దసరా వెళ్లాక కొత్త బిల్డ్ బోట్లన్నింటికీ ఎక్కించారు. ఆ ముసలి పెట్టెక్కూడా ఎక్కింది. ఎక్కించేముందు పరీక్షలు చెయ్యలేదనుకునేరు, చేశారు. ల్యాబులో పెట్టెల్ని బల్ల మీద పెట్టి, గోడలోని ప్లగ్గుకి తగిలించి, రాత్రింబవళ్లు నడిపించారు. బ్రహ్మాండంగా నడిచాయి. గోడలోంచి కరెంటు వస్తుంటే పెట్టె ఎందుకు పడుకుంటుంది? పడుకోనిదాన్ని లేస్తుందా లేదా అని ఎవరు చూస్తారు? అదీ సంగతి.

కార్తీకమంతా ఎండలే. సముద్రం మీద పెట్టెలన్నీ ఎండ తాగి కులాసాగా ఉన్నాయి. పేపర్లు సవరణిని ఆకాశానికెత్తాయి. ఉమాకాంతం అప్పుడప్పుడూ నూకరత్నం ఇంటికొచ్చేవాడు, కోడు గురించి ఏదో అడగడానికి. అసిరమ్మ పెట్టే రొయ్యల వేపుడు మీద కూడా ఆయనకి మనసు పడిందని నా అనుమానం. లేచేటప్పుడు మర్చిపోకుండా గుమ్మంలో నిలబడి, బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు, "వెళ్లొస్తానమ్మా," అనేవాడు.

"రా బాబూ, మంచిది," అనేది అసిరమ్మ. "సదువుకున్నోడైనా మరియాద తెలిసినోడు," అని కోడలితో మెచ్చుకునేది.

మార్గశిరంలో ఒక తెల్లారి పోలారావు వారం రోజుల వేటకి బయల్దేరాడు. ఎక్కడికని నూకరత్నం అడగలేదు, అడక్కూడదు. చద్దన్నం మూట చేతికిచ్చింది. అతను చెప్పులేసుకుంటూ, "ఎల్లొత్తానే. అమ్మా, ఎల్లొత్తాను," అన్నాడు. ఎప్పుడూ అనేదే. నూకరత్నం తన టిఫిన్ డబ్బా మూత వెతుక్కుంటూ "ఊఁ" అంది. ఆ "ఊఁ" తర్వాత ఆవిణ్ణి ఎంత కాల్చుకుతిందో నేను చెప్పలేను.

అతను వెళ్లిన మర్నాడే మబ్బు పట్టింది. మొదట ఉత్త ముసురే. బంగాళాఖాతంలో ఎక్కడో దూరాన అల్పపీడనం, ఒడ్డు తాకుతుందో లేదో కూడా తెలియదన్నారు. ముసురు తెరిపివ్వలేదు. ఎండ మొహం కనపడక సముద్రం మీద పెట్టెల్లో బ్యాటరీలు తగ్గుతూ వచ్చాయి. అల్పపీడనం బలిసి తుపానై, ఎటో పోతుందనుకున్నది మలుపు తిరిగి మనవైపే రావడం మొదలెట్టింది.

కేంద్రంలో గోడంత తెర మీద బోట్లన్నీ పచ్చటి చుక్కలు. తుపాను మలుపు కబురు బోట్లకి అందేలోపే, మధ్యాహ్నం భోజనాలవేళ ఒక చుక్క ఆరిపోయింది. చూస్తున్న కుర్రాపరేటరు, "మేడమ్, బంగారుతల్లి పోయింది," అనేసి, అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"పాత బ్యాటరీ," అంది నూకరత్నం. గొంతు మామూలుగానే ఉంది. "పడుకుని ఉంటుంది. కాసేపట్లో లేస్తుంది."

లేవలేదు. ఆవిడ లేచి నిలబడింది. ఇంకో చుక్క ఆరింది. ఇంకోటి. మబ్బు ఎటు దట్టంగా ఉందో అటు నుంచి చుక్కలు ఆరుతూ వస్తున్నాయి. ఒక్కటీ మళ్లీ వెలగడం లేదు.

నూకరత్నం సీట్లో కూర్చుని పడుకునే భాగం కోడు తెరిచింది. తను ఎప్పుడో రాసిన గీత. అక్కడ వెళ్లొస్తా అని ఉండాలి. లేదు. వెళ్తా అని ఉంది.

ఏం జరిగిందో చూశారా? వెళ్లొస్తా అంటే ఏమిటో వివరించిన ఫైలు కోడులో ఏ మూలో ఉండేది. అది పాత చిప్పు తాలూకు చెత్తనుకుని సవరణి ముందే ఊడ్చి పారేసింది. తర్వాత కంపైలర్ అక్కడికొచ్చి, "వెళ్లొస్తా అంటే నాకు తెలియదు. వెళ్తా అనబోయారా?" అని అడిగింది. ఇంగ్లీషులో రాస్తే రెండింటికీ మధ్యలో మూడక్షరాలే తేడా. సవరణి "అవును" అంది. తప్పు పోయింది. అంకె ఒకటి తగ్గింది. తిరిగొచ్చే మాట తీసేసి తిరిగిరాని మాట పెట్టారని ఏ యంత్రానికి తెలుస్తుంది? తెలుగిళ్లల్లో పసిపిల్లలకి తెలుస్తుంది.

"సార్!" అని కేకేసింది. ఉమాకాంతం పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ తెర చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"మార్చండి. ఒక్క మాటేగా, మార్చెయ్యండి!"

మార్చింది. బిల్డ్ నొక్కింది. కేంద్రంలో అప్పటికి ఏ బిల్డ్ అయినా సవరణి చేతుల మీదుగానే పోవాలి, ఆ ఏర్పాటు చేసింది ఉమాకాంతమే. పచ్చగీత వచ్చింది. "ఒక తప్పు కనిపించింది. సవరించాను. తప్పులు లేవు." తెరిచి చూస్తే మళ్లీ వెళ్తా.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అంది నూకరత్నం. ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. మళ్లీ మార్చింది. అది మళ్లీ దిద్దింది. ఎంతో వినయంగా, ఎంతో త్వరగా దిద్దింది. ఇంతలో తెర మీద ఇంకో చుక్క ఆరింది.

"దీన్ని ఆపెయ్యండి సార్. చేత్తో కట్టుకుందాం."

"ఆపితే మిగతా తప్పులు..."

"ఆపండి!"

ఆపాడు. ఊడ్చేసిన ఫైలు నూకరత్నం గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసింది. సవరణి లేకపోయేసరికి ఎర్రగీతలు పాతకాలంలోలాగా పొలోమని వచ్చి పడ్డాయి. ఆయన ఒక్కో తప్పూ పైకి చదువుతున్నాడు, ఆవిడ టైప్ చేస్తోంది. ఒకటి దిద్దితే రెండు పుడుతున్నాయి. ఆయన గొంతు తగ్గితే ఆవిడ, "గట్టిగా చదవండి, వినపడ్డం లేదు," అని కసిరింది. బయట గాలి కిటికీ అద్దాల్ని బాదేస్తోంది. ఆపరేటర్లు వెనక నిలబడి ఏ చుక్క ఆరిందో పైకి చెప్పడం మానేశారు.

బిల్డ్ అయింది. గాల్లోకి పంపారు. ఇంకా మేలుకుని ఉన్న పెట్టెలన్నీ దాన్ని అందుకున్నాయి. మబ్బులో బ్యాటరీ తగ్గి పడుకున్నాయి, లేచాయి, దారి చూపించాయి. ఆ బోట్లన్నీ ఆ సాయంత్రానికీ మర్నాటికీ హార్బరు చేరాయి. గట్టు మీద ఆడవాళ్లు నూకరత్నం చేతులు కళ్లకద్దుకున్నారు.

ఆరిపోయిన పెట్టెలకి మాత్రం ఆ కబురు అందలేదు. వెళ్తా అని వెళ్లిపోయినదాన్ని పిలిస్తే ఎలా వింటుంది? ఎవరైనా మీట నొక్కి లేపాలి. పెట్టె ఆరిపోయిందని బోటు మీదివాళ్లకి తెలియదు, ఎప్పట్లా పడుకుందనుకుంటారు. తుపాను మలుపు తిరిగిన సంగతి వాళ్లకి చెప్పేవాడు లేడు. అలా పెట్టె ఆరిన బోట్లలో కొన్ని గాలికి కొట్టుకుపోయి వేరే రేవుల్లో తేలాయి. బంగారుతల్లి ఎక్కడా తేలలేదు.

తుపాను వెలిశాక ఓడలు వెతికాయి, హెలికాప్టర్లు వెతికాయి. అసిరమ్మ రోజూ అన్నం వండి, కొడుకు కంచంలో పెట్టి, పైన ఇంకో కంచం బోర్లించేది. పరామర్శకొచ్చినవాళ్లు కంటతడి పెడితే కసురుకునేది. "ఎందుకేడుస్తన్నారు? నా కొడుకు ఎల్లొత్తానన్నాడు, ఎల్లిపోతాననలేదు. మాట తప్పీ రకం కాదు ఆడు." పొద్దున్నే సముద్రపు గోడ దాకా నడిచి, నీళ్లకేసి చూసి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించేది.

ఉమాకాంతానికి నిద్ర పట్టడం మానేసింది. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాటనలేదు, నూకరత్నం కూడా అనలేదు. అదే ఆయనకి భరించరానిదైంది. సవరణికి మన మాటలు నేర్పాలని పట్టుబట్టాడు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేటట్టుందని నూకరత్నం కూడా ఆఫీసుకొచ్చి కూర్చునేది. యంత్రం అడుగుతుంది, ఆయన చదువుతాడు, ఆవిడ జవాబు చెబుతుంది.

"వస్తాను అంటే రావడమేగా? మరి మీవాళ్లు వెళ్లేటప్పుడు వస్తానండీ అంటారేమిటని అడుగుతోంది."

"వెళ్తున్నానని అర్థం."

"వస్తాను అంటే వెళ్తున్నానా?"

"అంతే సార్. తెలుగులో ఎవరూ వెళ్లరు. అందరూ వస్తారు." అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఆయన తర్వాతి ప్రశ్న చదివాడు. "వెళ్లొస్తా అని అనకూడని చోటు ఏదైనా ఉందా?"

నూకరత్నం కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ఉంది. చావింట్లో. అక్కణ్ణుంచి లేచేటప్పుడు వెళ్లొస్తా అనరు. మళ్లీ అలాంటి పని మీద రావాలని కోరినట్టవుతుంది."

"మరేమంటారు?"

"ఏమీ అనరు. ఊరికే లేచి వచ్చేస్తారు."

ఏమీ అనకపోవడాన్ని యంత్రానికి ఎలా రాయాలో తెలియక ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆఖరికి ఏదోలా రాశాడు. సవరణి దాన్ని కూడా నేర్చుకుంది.

వెతుకులాట ఆపేశామని కబురు ఆఫీసుకే వచ్చింది. బంగారుతల్లి తాలూకు ఒక చెక్క, దానికి బిగించిన ఆ ముసలి పెట్టె దొరికాయట. మనుషులు లేరు, ఇక ఉండరు. కబురు చెప్పింది ఉమాకాంతమే. నూకరత్నం బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఉండిపోయింది. తర్వాత అంది, "సార్, మా అత్తకి ఇప్పుడే చెప్పకండి. ఆవిడ ఆ కంచం మీద బతుకుతోంది. నేనే చెప్తాను, మెల్లగా, ఏదో ఒక రోజు. మీరు మాత్రం ఒక్క మాటైనా జారనివ్వకండి."

"జారనివ్వనమ్మా. ఒట్టు."

ఆవిణ్ణి ఒంటరిగా పంపలేక తనే కారులో ఇంటికి తీసుకొచ్చాడు. అసిరమ్మ ఎదురొచ్చింది. "రా బాబూ, ఎన్నాళ్లయింది వొచ్చి! కూకో. ఒలే రత్నం, మొకం అలగుందేటి, తలకాయ నొప్పేటి?"

"అవునత్తా," అంది నూకరత్నం. పెరట్లోకి పోయి మొహం మీద నీళ్లు కొట్టుకుంది.

అసిరమ్మ టీ ఇచ్చింది. వేపుడు కూడా పెట్టబోయింది, ఆయన వద్దన్నాడు. వంటింటి గడప దగ్గర బోర్లించిన కంచం కనపడుతోంది. ఆయన దానికేసి చూడకుండా ఉండాలని గోడనీ, కప్పునీ, తన కాళ్లనీ చూశాడు. అసిరమ్మ మాట్లాడుతూనే ఉంది. పక్క పేటలో ఎవడో ఒకడు వెనకటి తుపానులో కొట్టుకుపోయి, అందరూ ఆశ వదిలేశాక బర్మా నుంచి నవ్వుకుంటూ తిరిగొచ్చాడట. "మావోడూ అలగే ఏ దేశంలోనో దిగుంటాడు. బాస రాక అగచాట్లు పడతంటాడు. అంతే కదా బాబూ?"

"అంతేనమ్మా," అన్నాడు ఉమాకాంతం. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. కంట్లో తడి రాలేదు, గొంతు జీరపోలేదు. గుమ్మం పక్కన నిలబడ్డ నూకరత్నం ఆయనకేసి కృతజ్ఞతగా చూసింది.

టీ అయ్యాక లేచాడు. గుమ్మం దాకా వచ్చాడు. అలవాటుగా వెనక్కి తిరిగి, నోరు తెరిచాడు. అసిరమ్మ కూడా అలవాటుగా "రా బాబూ, మంచిది" అనడానికి చెయ్యెత్తి సిద్ధంగా నిలబడింది.

ఆయనకి నేర్చుకున్నది గుర్తొచ్చింది. తెరిచిన నోరు మూసేశాడు. ఆవిడకి రెండు చేతులూ జోడించి, తల వంచి, ఏమీ అనకుండా గడప దాటాడు.

అసిరమ్మ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

"ఒలే," అంది కోడలితో. "ఆ బాబు ఎల్లొత్తాననలేదేటే?"

నూకరత్నం వంగి ఆయన తాగిన టీ కప్పు తీసింది.

"ఎప్పుడూ అంటాడు కదే. మర్సిపోడు కదే ఆ బాబు." కోడలి మొహంకేసి చూసింది. ఆ మొహం అటు తిరిగిపోయింది. ముసలావిడ గోడ పట్టుకుని మెల్లగా వంటింటి గడప దగ్గరికి నడిచి, కూలబడి, బోర్లించిన కంచం తీసి పక్కన పెట్టింది. "నాతో సెప్పలేక... ఆయన నాతో అలగ సెప్పీసి ఎల్లిపోనాడే, రత్నం."

వీధిలో ఉమాకాంతం కారు తలుపు మీద చెయ్యేసి ఒక్క క్షణం ఆగాడు. మాట నిలబెట్టుకున్నాడు, మర్యాద కూడా దాటలేదు. ఇన్నాళ్లకి ఒక పనైనా ఒక్క తప్పూ లేకుండా చేశాననుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి ఆ తల్లి ఏడుపు వినిపించింది.